ఒక్క గడీ ఖాళీగా వదలలేదు

ఫారం కనిపిస్తే చాలు, ఆమెకు అరచేతులు చెమట పడతాయి. బస్సు పాసుదైనా, బడిదైనా, గ్యాసుదైనా ఒకటే. ఎనిమిదో తరగతి సగంలో పుస్తకాలు అటకెక్కాక ఆమె పెన్ను పట్టిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒక రోజు మాత్రం ఈ జన్మకు మరచిపోయేది కాదు.

రెండేళ్ళ కిందట కూతురికి జ్వరం ముదిరితే భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. కిటికీలోంచి ఒక కాగితం ఇచ్చారు. అందులో ‘పడని మందులు’ అని ఒక గడి. అంతకుముందు ఏదో మాత్రకు పిల్లకు ఒళ్ళంతా దద్దుర్లు లేచిన సంగతి గుర్తుంది కానీ, ఆ మాత్ర పేరు గుర్తు లేదు. వెనకాల జనం విసుక్కుంటున్నారు. పేరు తెలియదని చెప్పడానికి సిగ్గేసి గడి ఖాళీగా వదిలేసింది. అరగంటలో సూది వేశారు. మరో పది నిమిషాలకు పిల్ల పెదాలు ఉబ్బి, ముఖం నీలంగా మారి, గుడ్లు తేలేసింది. ఎలాగో బతికి బట్టకట్టింది. నర్సు మాత్రం పోతూ పోతూ ఒక్క మాట అంది: “గడి ఉన్నది దేనికమ్మా? తెలిసింది రాస్తారనే కదా!”

ఆనాటి నుంచి ఆమె ఏ ఫారంలోనూ ఒక్క గడీ ఖాళీగా వదలదు. తెలిసినదంతా ఉన్నదున్నట్టు రాస్తుంది. బడి ఫారంలో ‘ఇతర వివరాలు’ అన్నచోట పిల్ల ఎడమ చెవిలో గుబిలి ఎక్కువని కూడా రాసి ఇచ్చింది. టీచరు చదివి ఆమె ముఖం వంక చూసింది. చూస్తే చూడనీ అనుకుంది.

ఆ పిల్లను ఇంట్లోనూ వీధిలోనూ పిచ్చుక అనే పిలుస్తారు. తొమ్మిదేళ్ళు వచ్చినా ఆరేళ్ళదానిలా ఉంటుంది. నోరు మాత్రం ఆగదు. ఈమధ్య ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న లైబ్రరీలో ఒక ఆట మొదలైందని వారం రోజులుగా చెవిలో జోరీగలా రొద పెడుతోంది. శనివారం నాలుగింటికి పిల్లల గదిలో బల్ల చుట్టూ కూర్చుంటారట. కాలేజీలో చదివే ఒకమ్మాయి కథ నడుపుతుందట. పిల్లలంతా ఆ అమ్మాయిని కథలక్క అంటారు. కథలో ఒక్కొక్కరూ ఒక్కో మనిషట. ఎవరికి ఏమవుతుందో పాచికలు తేలుస్తాయట.

“బొమ్మలు, గవ్వలు ఏమీ ఉండవా?” అని అడిగింది తల్లి, స్టవ్ దగ్గర నుంచి.

“ఉండవమ్మా. అంతా బుర్రలోనే.”

“మరి ఓడిపోతే?”

“ఓడిపోవడం ఉండదు. చచ్చిపోవడం ఉంటుంది.”

ఆమె చేతిలో గరిటె టప్పున కింద పడింది. “నోరు మూసుకో! సంధ్యవేళ ఏం మాటలవి?”

“నేను కాదే అమ్మా! నా పాత్ర చచ్చిపోతుంది. అంతే. ఇంకోటి చేసుకోవచ్చు.”

ఆ పాత్రను చేసుకోవడానికి ఫోనులో ఒక పేజీ ఉందట. కథలక్క చీటీ మీద దాని పేరు, బల్ల నంబరు రాసి ఇచ్చింది. పేజీ తెరిస్తే పైన ‘ఉచితం’, మధ్యలో ‘ఉచితం’, కింద ‘ఎప్పటికీ ఉచితం’ అని కనిపించింది. ఒక్కసారి రాస్తే చాలదా, ఇన్నిసార్లు నమ్మబలకడం దేనికి అని ఆమెకు గుండె పీచుపీచుమంది. సోమవారం రేపు చూద్దామంది. మంగళవారం తలనొప్పంది. గురువారం పిల్ల మూతి ముడుచుకుని అన్నం మానేస్తే, “శనివారం పొద్దున్నే ఇద్దరం కూర్చుని నింపుదాం, ఒట్టు” అని తల మీద చెయ్యి వేసింది.

శనివారం తెల్లవారగానే లాండ్రీ నుంచి ఫోను వచ్చింది. పెద్ద హోటలుది నాలుగు వందల దుప్పట్ల లోడు దిగిందట, వెంటనే రావాలట. పిల్లి అడుగులు వేస్తూ బయటపడబోతే పిల్ల కళ్ళు తెరవకుండానే అంది: “పాత్ర లేకపోతే పక్కన కూర్చోబెడతారమ్మా. చూస్తూ ఉండాలంతే.”

“నువ్వు పడుకో. సాయంత్రం పక్కింటి అత్త నిన్ను లైబ్రరీలో దింపుతుంది. నీ పాత్ర సంగతి నేను చూస్తాగా!”

లాండ్రీలో ఆమె పని ఇస్త్రీ రోలరు దగ్గర. తడి దుప్పటి రెండు కొసలూ పట్టుకుని రోలరుకు అందిస్తే, అవతల నుంచి అప్పడంలా కాలుతూ వస్తుంది. అక్కడ మడతలక్క అందుకుంటుంది. ఆవిడ పాతికేళ్ళుగా మడతలే పెడుతోంది కాబట్టి ఆ పేరు. మనుషులను కూడా నాలుగు మడతలు పెట్టి పక్కన పెట్టగల నోరు ఆవిడది.

రెండున్నరకు టీ విరామం ఇచ్చారు. ఆమె టీ ముట్టకుండా వెచ్చటి దుప్పట్ల మూట మీద కూలబడి ఫోను తీసింది.

“ఏమే, మొగుడికి ప్రేమలేఖా?” అంది మడతలక్క. ఆమె మొగుడు లారీ డ్రైవరు. పది రోజులకోసారి ఇంటి ముఖం చూస్తాడు.

“పిల్లది, లైబ్రరీ ఫారం. నాలుగింటిలోపు పంపాలి. లేకపోతే దాన్ని ఆడనివ్వరట.”

మొదటి గడి పేరు. పిచ్చుక. వయసు తొమ్మిది. ఎత్తు బడిలో కొలిచింది గుర్తుంది, రాసింది. తరవాత ‘జాతి’ అని ఉంది. నొక్కితే మనుషులు, మరుగుజ్జులు, రాక్షసులు, చెట్టు మనుషులు అని బారుగా వచ్చాయి. వెర్రి ఫారంలా ఉందే అనుకుని ‘మనుషులు’ మీద నొక్కింది. ‘ఆయుధం’ దగ్గర ఆగి, ‘లేదు. కత్తెర కూడా చేతికివ్వను’ అని రాసింది. ‘బలం తెలుసుకోవడానికి పాచిక వెయ్యండి’ అన్నచోట వేలు ఆనిస్తే ఇరవై ముఖాల పాచిక గిర్రున తిరిగి నాలుగు దగ్గర ఆగింది. ఇరవైకి నాలుగే! బరువు చూసే డాక్టరు పెదవి విరిచినట్టు అనిపించింది. మళ్ళీ నొక్కింది. ఒక్కసారే అవకాశం అంది ఫోను.

ఇదంతా ఆట గడబిడ, అసలు సంగతి కింద ఉంది అనుకుంది. కింద నిజంగానే ఆమెకు తెలిసిన గడులు వచ్చాయి. బలహీనతలు: దుమ్ము తగిలితే ఆయాసం. భయాలు: చీకటి, తలుపేసిన చిన్న గది, ఊపిరాడకపోవడం, కుక్కలు. రాసి, మళ్ళీ చదువుకుని, సరిపోయిందనుకుంది. ఆఖరి గడి ‘రహస్యం’.

అక్కడ చాలాసేపు వేలు ఆడలేదు. రాయకుండా పోదామనుకుంది. ఆ నీలి ముఖం కళ్ళ ముందు కదిలింది. పిల్లను రెండు గంటలసేపు పరాయి చోట వదులుతున్నప్పుడు, చూసుకునేవాళ్ళకు తెలియాలి కదా! ‘రెండు నెలలుగా మళ్ళీ పక్క తడుపుతోంది. డాక్టరు ఏం ఫరవాలేదన్నారు. మంచినీళ్ళు ఎక్కువ ఇవ్వకండి. పిల్లల ముందు అడగకండి’ అని రాసి, పంపు మీద నొక్కింది. గుండె తేలికపడింది. టీ చల్లారిపోయింది. అయినా తాగింది.

అప్పుడు తెర మారింది. ‘మీ బల్ల’ అని పైన పేరు, కింద ఆరుగురి పాత్రలు. మిగతా పిల్లలవి కూడా చూపిస్తోంది. కుతూహలం కొద్దీ తెరిచింది. మొదటి వాడి పేరు మంటల మామయ్య. వయసు మూడు వందల పన్నెండు. బలహీనత: తుమ్మితే నిప్పు వస్తుంది. రహస్యం: అప్పుడప్పుడు సొంత గడ్డం కాలుతుంది. ఆమెకు ఫక్కున నవ్వొచ్చింది. రెండోది ఇనుప రాణి. భయం: తుప్పు. రహస్యం: కడుపులో గడియారం ఉంది.

మూడోది చదువుతూ ఉండగా నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

ఇవన్నీ ఉత్తుత్తివి. ఒక్కటీ నిజం కాదు. ఆరుగురిలో ఐదుగురు కల్పించి రాశారు. నిజం రాసింది తనొక్కతే. అది వీళ్ళ మధ్య, వీళ్ళలాగే, ఎవరు నొక్కితే వాళ్ళకు తెరుచుకునేలా కూర్చుని ఉంది. అన్నిటికంటే కింద కథలక్క రాసిన మాట: ‘సరిగ్గా నాలుగింటికి అందరి పాత్రలూ గోడ మీద తెరపై చూద్దాం! ఎవరిది వాళ్ళు నిలబడి చదవాలి. అప్పటిదాకా నేను కూడా చూడను, ఒట్టు!’

గోడ గడియారం మూడుకు రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

తన పేజీ తెరిచి చెరిపేద్దామని చూసింది. ‘పంపిన పాత్రను మార్చడానికి బల్ల నడిపేవారి అనుమతి కావాలి’ అంది ఫోను. అనుమతి అడిగే చోట నొక్కితే ఒక చక్రం తిరగడం మొదలెట్టింది. తిరుగుతూనే ఉంది. లైబ్రరీకి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది.

“ఏమైందే? ముఖం అలా తెల్లబోయిందేం?” అంది మడతలక్క.

“అక్కా, దాని పరువు తీశాను. నా చేతులతో తీశాను.”

మేస్త్రీ దగ్గరకు పరుగెత్తింది. ఆయన లెక్క పుస్తకంలోంచి తల ఎత్తలేదు. “ఇంకా నూట యాభై దుప్పట్లున్నాయి. ఎక్కడికి?”

“పిల్ల దగ్గరకండీ.”

“జ్వరమా? దెబ్బ తగిలిందా?”

“లేదండీ.”

“మరి?”

ఇక్కడ చెబితే మరొకరికి చెప్పినట్టే. “చెప్పలేనండీ.”

“చెప్పలేని పనికి సెలవు ఇవ్వలేనమ్మా.”

వెనక నుంచి మడతలక్క అందుకుంది. “ఇవ్వకండి మేస్త్రీ గారూ. అది ఆ ముఖం పెట్టుకుని రోలరులో చేతులు పెడుతుంది. చేతులు కూడా నాతోనే మడత పెట్టిద్దురు గానీ!” ఆమె వైపు తిరిగి కసిరింది, “నిలబడ్డావేం? పో!”

బస్సు పది నిమిషాలు రాలేదు. వచ్చాక ప్రతి స్టాపులోనూ ఆగింది. ఒకచోట ముసలాయన దిగుతూ కర్ర మరచిపోతే మళ్ళీ ఆపారు. ఆమె నిలబడే ఉంది, సీటు ఖాళీగా ఉన్నా. చేతిలో చక్రం తిరుగుతూనే ఉంది. కళ్ళు మూసుకుంటే గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలు. కింద చిన్న పిల్ల. అది ఏం చేస్తుంది? ఏడుస్తుంది. ఏడిస్తే ఆయాసం వస్తుంది. లేదా బయటికి పరుగెడుతుంది. ఆ వీధిలో కార్లు ఆగకుండా తిరుగుతాయి. కళ్ళు తెరిచింది. మూడూ నలభై ఎనిమిది. సోమవారం బడికి పోతుందా? తమ వీధిలో దాన్ని ఇక ఏ పేరుతో పిలుస్తారు? రెండేళ్ళ కిందట గడి ఖాళీగా వదిలి చంపబోయింది. ఇప్పుడు నింపి చంపుతోంది.

లైబ్రరీ మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. పిల్లల గదికి అద్దాల తలుపు. నెట్టింది. రాలేదు. భుజంతో నెట్టింది. అద్దంలోంచి అంతా కనిపిస్తోంది: బల్ల, ఆరు తలలు, చేతిలో రిమోటుతో పొడుగ్గా ఒకమ్మాయి. గోడ మీద ఇనుప రాణి మాయమైంది. తెల్లటి తెర మీద ‘పిచ్చుక’ అని పడింది. దాని కింద బారుగా ఆమె రాసిన మాటలు.

పిచ్చుక ఉత్సాహంగా లేచి నిలబడింది. అమ్మ మాట నిలబెట్టుకుందని ముఖం వెలిగిపోతోంది. చదవడం మొదలెట్టింది. ఆయుధం దగ్గర పిల్లలు నవ్వారు, తనూ నవ్వింది. ఆ తరవాత కళ్ళు కిందికి జారాయి. గొంతు ఆగిపోయింది. చెవులు కందిపోయాయి. కథలక్క రిమోటు వైపు చూసేలోపే ఒక కుర్రాడు వేలితో చూపిస్తూ గట్టిగా చదివేశాడు, “పక్క... తడు...”

అప్పుడు తెలిసింది ఆమెకు, ఆ తలుపు లాగేదని. లాగింది.

“అది నాది!”

ఆరు తలలూ తిరిగాయి. లాండ్రీ ఆప్రాను, చెదిరిన జుట్టు, ఆయాసం.

“ఆ పాత్ర నాది. మా అమ్మాయిది కాదు. ఆట నేను కూడా ఆడదామని... నేనే చేసుకున్నాను. పేరు మాత్రం దాని దగ్గర అరువు తెచ్చుకున్నాను.”

“వయసు తొమ్మిదని ఉంది కదాంటీ?” అన్నాడు ఆ కుర్రాడు.

వాడి ముందు ‘మంటల మామయ్య’ అన్న చీటీ నిలబెట్టి ఉంది. ఆమె జన్మలో ఏ గడిలోనూ అబద్ధం రాయని మనిషి. “నీ వయసు మూడు వందల పన్నెండా?”

వాడు సిగ్గుపడ్డాడు. “అది పాత్ర కదాంటీ.”

“ఇదీ పాత్రే.”

“మరి పక్క తడపడమేంటి? అలాంటి వీరులుంటారా?”

పిచ్చుక తల వంచుకుని బల్ల అంచు గీరుతోంది. తల్లి గుమ్మం పట్టుకుంది. “నువ్వు తుమ్మితే నిప్పు రావడం లేదూ? మా పిచ్చుక నిద్రపోతే నీళ్ళొస్తాయి. ఏరు పుడుతుంది. ఎప్పుడు పుడుతుందో దానికే తెలియదు. ఒకసారి... ఒకసారి ఒక సైన్యం కొట్టుకుపోయింది.”

“నీ గడ్డానికి పనికొస్తుందిరా!” అని అరిచింది ఇనుప రాణి. బల్ల బల్లంతా ఘొల్లుమంది. ఆ నవ్వు ఎటు పోతుందోనని ఆమె ఊపిరి బిగబట్టింది. అది మంటల మామయ్య మీదికే పోయింది.

కథలక్క ఆమె ముఖంలోకి ఒకసారి, పిల్ల ముఖంలోకి ఒకసారి చూసింది. తెర ఆర్పేసింది. “అయితే ఆంటీ ఆడాల్సిందే. కుర్చీ లాక్కోండి.” పిచ్చుక వైపు తిరిగింది. “మరి నీకు పాత్ర లేదు కదా తల్లీ, నోటితో చెప్పెయ్. నేను రాసుకుంటాను.”

పిచ్చుక తల ఎత్తింది. తల్లి వైపు చూడలేదు. “నా పాత్రకు పేరు లేదు. దానికి అమ్మ లేదు.”

తల్లి లాగుతున్న కుర్చీ సగంలో ఆగింది.

“బలహీనత?”

“తెలీదు.”

“రహస్యం?”

“ఉంది. చెప్పను.”

“అయితే ఆ గడి ఖాళీగా వదిలెయ్యనా?”

“ఖాళీగానే ఉంచు.”

ఆట మొదలైంది. కొండ, కొండలో దారి, దారి చివర ఏదో గర్జన. ఆమెకు సగం అర్థమైంది, సగం కాలేదు. వంతు వస్తే పాచిక వేసింది. వేసిన ప్రతిసారీ తక్కువే పడింది. బలం నాలుగే కదా! కథలక్క గొంతు తగ్గించి చెప్పసాగింది. ఆమె పాత్ర పిచ్చుక కాలు జారింది. సన్నటి సందులో పడింది. పైన రాయి మూసుకుంది. లోపల చీకటి. గోడలు భుజాలకు తగులుతున్నాయి. ప్రాణం పాయింట్లు రెండే మిగిలాయి.

అంతా ఉత్తిదని తెలుసు. అయినా ఆమె వీపు మీద చెమట కారింది. చిన్నప్పుడు తనను ఒకసారి కొట్టు గదిలో పెట్టి తలుపేశారు. అప్పటి వాసన ముక్కుకు తగిలింది. బల్ల కింద రెండు చేతులూ ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకుంది.

పక్కన చిన్న కదలిక. పిచ్చుక తల తిప్పి, తల్లి చేతుల వైపు చూస్తోంది. ఇందాకటి నుంచి మొదటిసారి చూడడం.

“అమ్మా,” అంది, ఆమెకు మాత్రమే వినబడేట్టు. “ఆ భయాల గడిలో రాసినవి నావి కాదు. నాకు చీకటంటే భయం లేదు. కుక్కలంటే ఇష్టం. అవన్నీ నీవి.”

బల్ల కింద ఆమె చేతులు విడివడ్డాయి.

“ఇంకెప్పుడూ నా గురించి ఎక్కడా రాయకు. నన్ను అడక్కుండా.”

“రాయను.”

“ఆసుపత్రిలో తప్ప.”

“ఆసుపత్రిలో తప్ప.”

పిచ్చుక గొంతు పెంచింది. “కథలక్కా, నా పాత్ర వెనక్కి వెళ్తుంది. సందులోకి తాడు వేస్తుంది.”

“పదిహేను పైన పడాలి మరి.”

పాచిక దొర్లింది. పదకొండు.

“తాడు అందలేదు,” అంది కథలక్క. “మళ్ళీ వెయ్యొచ్చు. కానీ రాయి జారుతోంది. వేసిన ప్రతిసారీ నీ ప్రాణంలోంచి ఒకటి పోతుంది. ఆలోచించుకో.”

“వద్దు!” తల్లి కుర్చీలోంచి సగం లేచింది. “నువ్వు పో. నన్ను వదిలేసి నువ్వు బయటికి పో!”

పిల్లలు నవ్వలేదు. పిచ్చుక పాచికను గుప్పిట్లో పెట్టుకుంది. ఆ గుప్పిట పాచికకు సరిగ్గా సరిపోలేదు, వేళ్ళ సందుల్లోంచి ఒక అంకె కనబడుతోంది.

“నీ వంతు కాదమ్మా,” అంది. “కూర్చో.”

అని మళ్ళీ వేసింది.